తొలకరి తప్పిన ఏడు: సుగ్గికి పోయేవారి విశ్వాసం

దసరా దాటి దీపావళి దగ్గర పడుతుంటే కోసిగిలో ఇంటింటా ఒకే మాట వినిపిస్తుంది: "సుగ్గికి ఎప్పుడు?" మొదట పత్తి తీయడానికి, ఆ తర్వాత మిరపకాయలు కోయడానికి గుంటూరు, పల్నాడు వైపు కుటుంబాలకు కుటుంబాలే బయలుదేరతాయి. కొందరు హైదరాబాదుకో బెంగళూరుకో కట్టడం పనులకు పోతారు. బియ్యం మూటలు, వంటసామాన్లు, బొంతలు, చంటిబిడ్డలు అన్నీ ఒకే వ్యాను ఎక్కుతాయి. కొన్ని ఇళ్లకు తాళం పడుతుంది. కొన్ని ఇళ్లలో ముసలివాళ్లు, బడికి పోయే పిల్లలు మిగులుతారు. ఉగాది దగ్గర పడేవరకు వీధులు బోసిగా ఉంటాయి.

ఆ నెలల్లో మందిరాలు కూడా బోసిపోతాయి. క్రిస్మస్ ఆరాధనకు రావలసిన గొంతుల్లో సగం గొంతులు ఎక్కడో మిరపచేను గట్టున, పట్టలు కప్పిన గుడిసెల్లో ఉంటాయి. పాట ఎత్తుకునే అక్క లేదు, డప్పు కొట్టే తమ్ముడు లేడు. కాపరి ముందు నాలుగు వరుసల్లో అవ్వలూ తాతలూ కూర్చుని ఉంటారు.

వెళ్లేముందు ప్రార్థన చేయించుకోవడానికి వచ్చేవాళ్లు ఒక్కోసారి ఒక ప్రశ్న అడుగుతారు. అడగడానికి సిగ్గుపడుతూనే అడుగుతారు. "అయ్యగారూ, దేవుణ్ణి నమ్ముకున్నోళ్లం కదా. ఊరిడిచి పోతే అది అపనమ్మకమా? ఉంటే బతికేదెట్లా?"

ఈ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పకూడదు. "పోండి, దేవుడు తోడుంటాడు" అనేస్తే వారి మనసులోని బరువు దిగదు. "ఉండండి, విశ్వాసముంటే ఇక్కడే దీవిస్తాడు" అనేస్తే, జనవరిలో ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందో చూడడానికి మనం వెళ్లం. అందుకే ఈ వారం ఈ ప్రశ్ననే మన ముందు పెట్టుకుందాం. అనుదిన జీవితంలో దేవుణ్ణి నమ్మడం అంటే ఏమిటో, ఆ నమ్మకం ఎలా ఎదుగుతుందో మెట్ట నేల మీద నిలబడి ఆలోచిద్దాం.

ఆకాశం వైపు చూసే నేల

రాయలసీమలో సేద్యం చేసేవారికి వాన గురించి ఎవరూ ప్రసంగం చేయనక్కరలేదు. తుంగభద్ర కోసిగికి దూరమేమీ కాదు. అయినా కాలువ నీళ్లు అందని పొలాలే ఎక్కువ. జూన్‌లో గుంటక తోలి నేల సిద్ధం చేసుకుని పదును కోసం ఎదురుచూడాలి. ఒక వాన పడి విత్తనం మొలిచాక నెల రోజులు చినుకు రాకపోతే ఆ విత్తనం, ఎరువు, కూలి, అప్పు అన్నీ మట్టిపాలే. ఒక ఏడు వాన ఉంటుంది, ధర ఉండదు. ఉల్లిగడ్డను పీకిన కూలి కూడా రాదని పొలంలోనే వదిలేసిన రైతులు మనకు తెలుసు. ఇంకో ఏడు అడిగిన వానే వరదై వస్తుంది. 2009 అక్టోబరు మొదటి వారంలో తుంగభద్ర పొంగి మంత్రాలయాన్ని, కర్నూలు నగరాన్ని ముంచెత్తింది. కరువు సీమ అని పిలిచే చోట మనుషులు మిద్దెల మీద రాత్రుళ్లు గడిపారు.

ఇలాంటి నేల మీద బతికేవారికి ద్వితీయోపదేశకాండము 11వ అధ్యాయం దగ్గరగా తగులుతుంది. అక్కడ మోషే రెండు దేశాలను పక్కపక్కన పెట్టి చూపిస్తాడు. ఒకటి ఐగుప్తు. అక్కడ నైలు నది ఉంది. వాన మాటే అవసరం లేకుండా నీళ్లు పారించుకుని కూరతోటలాగా పండించుకోవచ్చు. రెండోది ప్రజలు అడుగుపెట్టబోయే కనాను. అది కొండలు, లోయలు ఉన్న నేల. ఆకాశం నుంచి పడే వాననే తాగుతుంది. ఏడాది మొదలు నుంచి చివరి వరకు దేవుని కన్ను దాని మీదే ఉంటుందని మోషే చెబుతాడు (10-12 వచనాలు).

దేవుడు తన ప్రజల కోసం ఎంచుకున్నది కాలువ కింది నేల కాదు, మెట్ట నేల. నీళ్లు ఖాయంగా ఉన్న చోటే వారు బానిసలుగా ఉన్నారు. వాన కోసం పైకి చూడవలసిన చోట స్వతంత్రులుగా బతికారు. అంటే కాలువ చెడ్డదని కాదు. మన పొలాలకు నీళ్లు రావాలని అడగడం, దానికోసం అధికారులను కలవడం న్యాయమే. ఇక్కడ తెలుసుకోవలసింది ఒక్కటే: వాన మీద ఆధారపడే బతుకు దేవుడు మరచిపోయిన బతుకు కాదు.

ఆ కనానులోనే అబ్రాహాముకు కరువు వచ్చింది (ఆదికాండము 12:10). ఇస్సాకుకూ వచ్చింది (26:1). యాకోబు కొడుకులు ధాన్యం కోసం ఐగుప్తుకు పోవలసి వచ్చింది (42వ అధ్యాయం). వాగ్దానం పొందిన మూడు తరాలూ వాగ్దాన దేశంలోనే కరువును చూశాయి. ఇక కరువు వచ్చిన ఇంటిని చూసి "వీళ్ల విశ్వాసంలో ఏదో లోపముంది" అనడానికి మనకు ఆధారం ఎక్కడుంది?

పోయినవాడూ ఉన్నవాడూ

ఇప్పుడు మన ప్రశ్నకు వద్దాం. కరువులో ఊరు విడవడం అపనమ్మకమా?

అబ్రాహాము ఊరు విడిచాడు. ఐగుప్తుకు వలస వెళ్లాడు. అలా వెళ్లినందుకు వాక్యం అతణ్ణి గద్దించినట్లు కనబడదు. ఇస్సాకును మాత్రం దేవుడు ఐగుప్తుకు పోవద్దన్నాడు. అతడు గెరారులో ఉండిపోయి, ఆ కరువు దేశంలోనే విత్తి, నూరంతలు కోశాడు (26:2, 12). ఒకరు పోయారు, ఒకరు ఉన్నారు. ఇద్దరూ విశ్వాసులే. కాబట్టి "పోవడం పాపం" అనీ "ఉండడమే విశ్వాసం" అనీ ఒక చట్టం చేయలేం.

అయితే ఈ రెండు కథల్నీ పక్కపక్కన పెట్టి చదివితే మరో సంగతి కనబడుతుంది. ఐగుప్తుకు పోయిన అబ్రాహాము ప్రాణభయంతో తన భార్యను చెల్లెలని చెప్పాడు. గెరారులో ఉండిపోయిన ఇస్సాకు కూడా అదే భయంతో అదే అబద్ధం చెప్పాడు. ఒకరి భయం శారాను ప్రమాదంలోకి నెట్టింది, ఇంకొకరి భయం రిబ్కాను ప్రమాదం అంచుదాకా తీసుకుపోయింది. వారు జారిపోయిన చోటు ప్రయాణం కాదు, భయం. భయం ఇంట్లోని బలహీనుల మీద భారం మోపుతుంది.

కోసిగి నుంచి బయలుదేరే కుటుంబానికి ఇక్కడే పరీక్ష ఉంది. "పోదామా, వద్దా" అనే ప్రశ్న కన్నా "భయంతో మనం ఏం చేయబోతున్నాం?" అనే ప్రశ్న పెద్దది. రెండు చేతులు ఎక్కువుంటే నాలుగు రూపాయలు ఎక్కువొస్తాయని ఆరో తరగతి పిల్లను బడి మాన్పిస్తున్నామా? మేస్త్రీ దగ్గర ముందే బయానా తీసుకుని, ఎంత తీసుకున్నామో భార్యకు చెప్పకుండా దాస్తున్నామా? నిండు చూలాలిని వ్యానులో కూర్చోబెడుతున్నామా? ఒకరి దగ్గర బయానా తీసుకుని మరొకరి వెంట పోతున్నామా? దేవుణ్ణి నమ్మడమంటే ఇలాంటి చోట్ల భయం చెప్పిన మాట వినకపోవడం.

ఉన్న ఊళ్లోనే ఉండిపోయేవారికీ ఈ పరీక్ష ఉంది. అప్పు తీర్చే దారి లేదని తెలిసీ మరో అప్పు చేయడం, పంట పోయిందన్న కోపం ఇంట్లో ఆడవారి మీద చూపించడం, దిగులును సారాలో ముంచడం కూడా భయం చేయించే పనులే.

నమ్మకం కానివి రెండు

విశ్వాసంలో ఎదగాలంటే, విశ్వాసంలా కనబడుతూ విశ్వాసం కానివాటిని గుర్తుపట్టాలి.

మొదటిది, బేరం. "ఇంత కానుక వేస్తే ఇంత పంట వస్తుంది" అని చెప్పే బోధ ఈ మధ్య పల్లెల్లోకి కూడా వచ్చింది. విత్తనాలకు తెచ్చిన అప్పులోంచి కానుక వేసి, పంట పోయాక "నా విశ్వాసం చాలలేదేమో" అని కుమిలిపోయేవారు ఉన్నారు. బీద విధవరాలు వేసిన రెండు కాసుల సంగతి మనకు చాలాసార్లు చెబుతారు (మార్కు 12:41-44). దానికి సరిగ్గా ముందు వచనంలో యేసు ఏమన్నాడో కూడా చెప్పాలి. విధవరాండ్ర ఇళ్లను మింగేసి, చూపు కోసం దీర్ఘ ప్రార్థనలు చేసేవారికి కఠిన శిక్ష ఉందని అన్నాడు (12:40). ఆ తల్లి ఇచ్చింది ప్రేమతో. ఆమెను ఇవ్వమని పీడించే హక్కు ఎవరికీ లేదు.

హబక్కూకు ప్రవక్త తన గ్రంథం చివర ఆరు నష్టాలను లెక్కపెడతాడు. అంజూరం పూయలేదు, ద్రాక్ష కాయలేదు, ఒలీవ మీద పడిన కష్టం దక్కలేదు, చేను పండలేదు, దొడ్డిలో గొర్రెలు లేవు, కొట్టంలో పశువులు లేవు. అయినా ప్రభువులోనే ఆనందిస్తానంటాడు (3:17-18). అంజూరం తీసి పత్తి, ద్రాక్ష తీసి వేరుశనగ, ఒలీవ తీసి కంది అనుకోండి, అది మన పొలం లెక్కే. ఈ మాటల్లో బేరం లేదు. "ఇది ఇస్తే నమ్ముతా" అనే షరతు లేదు. వచ్చే ఏడు పండుతుందన్న హామీ కూడా ఆయన అడగలేదు.

రెండోది, చేతులు కట్టుకుని కూర్చోవడం. "అన్నీ దేవుడే చూసుకుంటాడు" అనడం భక్తిలా వినబడుతుంది. మార్కు 4:26-29లో యేసు చెప్పిన రైతు కథ చూడండి. విత్తనం ఎలా మొలుస్తుందో, ఎలా ఎదుగుతుందో ఆ రైతుకు తెలియదు. మొలిపించడం అతని చేతిలో లేదు. కానీ విత్తడం అతని చేతిలో ఉంది, పంట పండినప్పుడు కొడవలి పెట్టడం అతని చేతిలో ఉంది. గుంటక తోలని పొలంలో వాన పడితే కలుపే మొలుస్తుంది. వాన దేవునిది, దుక్కి మనది. ఈ రెండిటినీ కలపకుండా, విడదీయకుండా పట్టుకోవడమే నమ్మకం.

ధాత కరువు నాటి ఒక పాఠం

దీనికి మన తెలుగు నేల మీదే ఒక సాక్ష్యం ఉంది. 1876-78లో మద్రాసు ప్రెసిడెన్సీని మహాకరువు పట్టింది. అది ధాత నామ సంవత్సరంలో మొదలైంది గనుక మన పెద్దలు దాన్ని ధాత కరువు అన్నారు. అప్పటికి కోసిగి బళ్లారి జిల్లా ఆదోని తాలూకాలో ఉండేది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని ప్రాంతం కర్నూలు జిల్లాలో కలిసింది. ఆ కరువులో ఘోరంగా దెబ్బతిన్నవి బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలే. రైలు మార్గం అప్పటికే వచ్చింది. బండ్ల కొద్దీ ధాన్యం కదిలింది. కానీ కొనడానికి కూలివాడి చేతిలో డబ్బు లేదు. ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి.

ఆ సమయంలో ఒంగోలులో జాన్ ఎవరెట్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఉన్నాడు. మిషనరీ కాకముందు ఆయన సర్వే పని నేర్చినవాడు. ఆకలితో జనం వచ్చి తలుపు ముందు నిలబడితే ఆయన ప్రార్థించాడు. ప్రార్థించి ఊరుకోలేదు. ప్రభుత్వం తవ్విస్తున్న బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. తన దగ్గరున్న తెలుగు సువార్తికులనే పని చూసేవారిగా పెట్టాడు. వేలమందికి అక్కడ పని దొరికింది, కూలి దొరికింది. పగలు తట్టలు మోసినవారు విశ్రాంతి వేళల్లో ఆ సువార్తికుల నోట వాక్యం విన్నారు.

మనం గమనించవలసిన సంగతి ఇంకొకటి ఉంది. కరువు నడుస్తున్నంత కాలం, ఏడాదికి పైగా, ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. అడిగినవారు లేక కాదు, వందల మంది అడిగారు. కూటి కోసం ఎవరూ క్రీస్తు పేరు చెప్పుకోకూడదని ఆయన ఉద్దేశం. సాయం పంచడం అయిపోయాక, ఇక ఇచ్చేందుకు డబ్బు లేదని తెలిశాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నది ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వారిలో ఎక్కువమంది మాదిగ పల్లెలవారు, ఊరికి అవతల బతుకుతున్నవారు.

ఆ సంఖ్యను మనం గర్వంగా చెప్పుకుంటాం. దాని వెనకున్న క్రమాన్ని కూడా చెప్పుకోవాలి. ముందు ప్రార్థన, తర్వాత పార, ఆ తర్వాత ఓపిక. అన్నం పెట్టినందుకు విశ్వాసాన్ని బదులు అడగలేదు. విశ్వాసం ఉందని అన్నం మాట మరచిపోలేదు. సుగ్గి కాలంలో మన సంఘాలు ఏం చేయాలో ఆలోచించేటప్పుడు ఈ పాఠం గుర్తుంచుకుందాం.

ఏ రోజుకారోజు

విశ్వాసం ఎలా ఎదుగుతుంది? లూకా 17:5లో అపొస్తలులు ఈ కోరికే కోరారు, తమ విశ్వాసాన్ని పెంచమని. యేసు ఆవగింజ మాట చెప్పాడు. అక్కడితో ఆపలేదు. వెంటనే పొలం దున్ని, పశువులు కాచి ఇంటికి వచ్చిన దాసుని మాట ఎత్తాడు (17:7-10). ఆ దాసుడు వచ్చి మళ్లీ తన పని చేస్తాడు. పెద్ద విశ్వాసం అడిగినవారికి దొరికిన జవాబు ఒక గింజ, ఒక పనిరోజు. విశ్వాసం పెద్ద సభల్లో ఒక్కసారిగా వచ్చి పడేదనుకుంటాం. ఎక్కువగా అది ఇలాంటి మామూలు రోజుల్లో పెరుగుతుంది.

మన్నా కథ కూడా ఇదే నేర్పుతుంది (నిర్గమకాండము 16). ఏ రోజుది ఆ రోజే ఏరుకోవాలి. భయపడి రేపటికి దాచుకున్నది పురుగు పట్టింది. విశ్రాంతి దినానికి ముందు రోజు మాత్రం రెండింతలు ఏరుకోమన్నాడు, అది చెడలేదు. దాచుకోవడమే తప్పని కాదు, దేవుడు చెప్పినప్పుడు దాచడమూ విధేయతే. ఉగాదికి ఇంటికి తెచ్చుకునే సుగ్గి డబ్బును అప్పుకు కొంత, తిండిగింజలకు కొంత, పిల్లల చదువుకు కొంత అని మొదటి రోజే విడదీసుకోవడం అపనమ్మకం కాదు. అదే డబ్బుతో మొదటి వారంలో పెద్ద విందు చేసి, మరుసటి నెల మళ్లీ బయానాకు చేయి చాచడమే మనల్ని బానిసత్వంలోకి తిప్పుతుంది.

పోయేవారికి కొన్ని మాటలు. బయలుదేరే ముందు ఇంటిల్లిపాదీ కూర్చుని ఎంత బయానా తీసుకున్నారో, ఎన్ని నెలలకో, ఏ ఊరికో అందరి ముందు చెప్పుకోండి. ఆ తర్వాత ప్రార్థన చేయండి. దాచిన లెక్క మీద చేసిన ప్రార్థన బరువుగానే ఉంటుంది. బడికి పోయే పిల్లలను అవ్వతాతల దగ్గరో, వలస కుటుంబాల పిల్లల కోసం నడిపే సీజనల్ హాస్టల్లోనో ఉంచే దారి చూడండి. వెళ్లిన చోట కూడా రేషన్ తీసుకునే వీలుంది గనుక కార్డు వివరాలు వెంట ఉంచుకోండి. ఇవి లోకసంబంధమైన సంగతులని కొట్టివేయకండి. తన కుటుంబాన్ని చూసుకోవడం విశ్వాసంలో భాగమని పౌలు తిమోతికి స్పష్టంగా రాశాడు (1 తిమోతి 5:8).

గుడిసెలో ఆరాధన ఎలా అంటారా? తెల్లవారకముందే చేనులో దిగాలి, సాయంత్రానికి మిరప ఘాటుకు చేతులు, కళ్లు మండుతుంటాయి. గంటసేపు ప్రార్థన చేయమని ఆ మనిషికి చెప్పడం మోయలేని బరువు పెట్టడమే. రాత్రి అన్నం ముందు ఒక పాట, ఒక వాక్యం, ఆ రోజు జరిగిన మేలు ఒక్కటి చెప్పుకోవడం చాలు. 2011 జనాభా లెక్కల్లో అక్షరాస్యతలో ఆంధ్రప్రదేశ్‌లో బాగా వెనుకబడిన మండలాల్లో కోసిగి ఒకటి. మన సంఘాల్లో బైబిలు చేతపట్టుకుని వచ్చినా చదవలేని తల్లులు చాలామంది. వారి విశ్వాసం తక్కువదేమీ కాదు. వినడం వల్లనే విశ్వాసం కలుగుతుందని కదా వాక్యం చెబుతున్నది (రోమా 10:17). నోటికి వచ్చిన పది వాక్యాలు ఉంటే అవి చేనులోకి వెంట వస్తాయి. ఫోనులో ఆడియో బైబిలు పెట్టుకుంటే పదిమంది వినవచ్చు. ఊళ్లో మిగిలిన మనవరాలు అవ్వకు రోజూ ఒక అధ్యాయం చదివి వినిపిస్తే, ఆ అవ్వకు వాక్యం అందుతుంది, ఆ పిల్లకు చదువు నిలుస్తుంది.

బోయజు పొలం

పనికి పిలిచే ఊళ్లలో ఉన్న విశ్వాసులకూ ఒక మాట చెప్పాలి. ఈ పత్రిక చదివేవారిలో గుంటూరు, పల్నాడు రైతులు కూడా ఉన్నారు.

నయోమి కుటుంబం కరువుకు ఊరు విడిచింది. కోడలు రూతు పరాయి దేశపు స్త్రీగా బేత్లెహేముకు వచ్చి పరిగె ఏరుకుంది. ఆ కథ మలుపు తిరిగింది ఒక రైతు ప్రవర్తనతో. ఆమెను ముట్టవద్దని బోయజు తన పనివారికి ముందే ఆజ్ఞాపించాడు. దాహమైతే పనివారు చేదిన నీళ్లే తాగమన్నాడు. భోజనం వేళ దగ్గర కూర్చోబెట్టుకుని తినిపించాడు (రూతు 2:9, 14). భద్రత, మంచినీళ్లు, కడుపునిండా తిండి: కూలికి వచ్చిన ఆడమనిషికి కావలసిన మూడు సంగతులూ ఆ అధ్యాయంలో ఉన్నాయి.

మీ పొలానికి వచ్చిన కోసిగి మనుషులకు ఈ మూడూ దొరుకుతున్నాయా? కాయల తూకం వారి కళ్ల ముందు జరుగుతున్నదా? కూలివాడు బీదవాడు, దాని మీదే ఆశ పెట్టుకున్నాడు గనుక సూర్యుడు అస్తమించకముందే కూలి ఇమ్మని ధర్మశాస్త్రం చెబుతున్నది (ద్వితీయోపదేశకాండము 24:14-15). ఎగ్గొట్టిన కూలి మొరపెడుతుందని, ఆ మొర దేవుని చెవులకు చేరుతుందని యాకోబు హెచ్చరించాడు (5:4). ఆదివారం మీ మందిరంలో ఒక చాప వారి కోసం వేయండి. వారి మాట యాసను చూసి నవ్వకండి. ఊరుగాని ఊళ్లో ఒక కుటుంబం దేవుణ్ణి నమ్మగలగడం కొంతవరకు మీరు వారిని చూసే తీరు మీద ఆధారపడి ఉంది.

వాన రానప్పుడు

ఇన్ని చెప్పాక కూడా ఒక కష్టమైన చోటు మిగులుతుంది. ప్రార్థించారు, కష్టపడ్డారు, నిజాయితీగా ఉన్నారు, అయినా పోయింది. పంట పోయింది, లేదా మనిషే పోయాడు. అప్పులకు తాళలేక ప్రాణం తీసుకున్న రైతుల ఇళ్లు మన సీమలో తక్కువేమీ కాదు.

అలాంటి ఇంటికి వెళ్లినప్పుడు ఏం మాట్లాడాలో ఏలీయా కథ నేర్పుతుంది. వాన కోసం కర్మెలు కొండ మీద ప్రార్థించినవాడు ఆయనే. సేవకుణ్ణి ఏడుసార్లు సముద్రం వైపు చూడమని పంపి, అరచేయంత మబ్బు కోసం కాచుకున్నవాడు ఆయనే (1 రాజులు 18:42-44). ఆ తర్వాతి అధ్యాయంలోనే బదరీచెట్టు కింద కూలబడి, ఇక చాలు, నన్ను చనిపోనివ్వమని అడిగాడు (19:4). దేవుడు ఆయనను గద్దించలేదు. "నీ విశ్వాసం ఏమైంది?" అనలేదు. నిద్రపోనిచ్చాడు. దూతను పంపి రొట్టె పెట్టాడు, నీళ్లిచ్చాడు. మళ్లీ నిద్రపోయాక మళ్లీ తట్టి లేపి తినిపించాడు, ప్రయాణం చాలా దూరముందని చెప్పాడు. మాటలన్నీ ఆ తర్వాతే.

కూలిపోయిన మనిషికి సంఘం చేయవలసిన మొదటి పని ఇదే. అన్నం తీసుకుని వెళ్లండి. పక్కన కూర్చోండి. రాత్రి ఒంటరిగా వదలకండి. అప్పులవాళ్లు వచ్చినప్పుడు ఇద్దరు పెద్దమనుషులు వెంట నిలబడండి. చనిపోవాలని ఉందని ఎవరైనా అంటే దాన్ని పాపమని కసరకండి, తేలికగా తీసుకోకండి. వెంటనే ఆసుపత్రికో, సలహా చెప్పగల డాక్టరు దగ్గరికో తీసుకెళ్లండి. నమ్ముతున్నాను గానీ నాలోని అపనమ్మకానికి సాయం చేయమని ఏడ్చిన తండ్రిని యేసు వెనక్కి పంపలేదు (మార్కు 9:24). సగం నమ్మకంతో వచ్చినవారిని మనం కూడా వెనక్కి పంపకూడదు.

చాలా ఇళ్లలో వంట చేసేముందు దేవుని కోసం పిడికెడు బియ్యం పక్కన తీసిపెట్టే అలవాటు ఉంది. సుగ్గి నెలల్లో ఆ పిడికెడు బియ్యం ఊళ్లో మిగిలిపోయిన ముసలివారి పొయ్యి మీదికి చేరాలని సంఘ పెద్దలు తీర్మానించుకుంటే బాగుంటుంది.

ఉగాది నాడు

మార్చి గడిచేసరికి వ్యాన్లు తిరిగి వస్తాయి. రైల్లో వచ్చేవారికి ఊరు రాకముందే కొండ మీద పక్కపక్కన నిలబడిన అక్కాచెల్లెళ్ల గుండ్లు కిటికీలోంచి కనబడతాయి, ఇల్లు చేరామని తెలుస్తుంది. మందిరం మళ్లీ నిండుతుంది. ఆ ఆదివారం సాక్ష్యాలు చెప్పిస్తారు. ఎంత సంపాదించారో చెప్పించడం కాకుండా, ఎక్కడ భయం వేసిందో, అక్కడ ప్రభువు ఎలా నిలబెట్టాడో చెప్పమనండి. డబ్బు మిగలకుండా వచ్చినవారికి కూడా అప్పుడు చెప్పడానికి ఒక మాట ఉంటుంది. అబద్ధం చెప్పలేదని, పిల్లను బడి మాన్పించలేదని, పక్క గుడిసెలో జ్వరపడినవారికి గంజి కాచి ఇచ్చామని చెప్పే సాక్ష్యం చిన్నది కాదు.

రైతు తొలకరి వానకూ కడవరి వానకూ ఓపికతో కనిపెట్టుకున్నట్టు మనల్నీ కనిపెట్టమని యాకోబు రాశాడు (5:7). ఆ దేశంలో తొలకరి విత్తడానికి ముందు నేలను మెత్తబరుస్తుంది, కడవరి వాన కోతకు ముందు గింజను నింపుతుంది. ఈ రెండిటి మధ్య చాలా నెలలు ఉంటాయి. మన విశ్వాస జీవితంలో ఎక్కువ రోజులు ఆ మధ్య నెలల్లోనే గడుస్తాయి. కనుక సుగ్గికి పోయే సోదరా, సోదరీ, ధైర్యంగా పోయి రండి. ఊళ్లో ఉండేవారలారా, వారి పేర్లు రాసిపెట్టుకుని ప్రతి ఆదివారం ఒక్కొక్క పేరూ పలికి ప్రార్థించండి. జూన్‌లో మబ్బు పట్టినప్పుడు అందరం కలిసి మళ్లీ గుంటకలు తీద్దాం.